సొరుగులో కొండచిలువ

ర్యాక్ అనగానే నాబోటి సాఫ్ట్‌వేర్ వాడికి గుర్తొచ్చేది సర్వర్లే. ఏసీ గది, ఫ్యాన్ల హోరు, మిణుకుమిణుకుమనే పచ్చ దీపాలు. అమెరికాలో ఎమ్మెస్ చేసే రోజుల్లో మా ల్యాబ్‌లో ఉండే ఒక అమెరికన్ కుర్రాడు "మా ఇంటి బేస్‌మెంట్లో ఒక ర్యాక్ ఉంది, టెంపరేచర్ కంట్రోలు సరిగ్గా ఉండట్లేదు, ఒకసారి వచ్చి చూస్తావా?" అనడిగాడు. ఇంట్లోనే సర్వర్లు పెట్టుకున్నాడు, భలేవాడే అనుకుంటూ వెళ్ళాను. మెట్లు దిగి చూస్తే నిలువెత్తు బీరువా లాంటిదొకటి. దానికి వరసగా పన్నెండు ప్లాస్టిక్ సొరుగులు. ఒక సొరుగు బయటికి లాగాడు. లోపల న్యూస్‌పేపర్ మీద, నీళ్ళగిన్నె పక్కన, ఉండలా చుట్టుకుని ఒక కొండచిలువ. ఇంకో సొరుగు లాగాడు. ఇంకో కొండచిలువ. మూడోది లాగేసరికి నేను మెట్ల మీదున్నాను :)

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి చెప్తే "ఏరా, నాగులచవితికి పుట్ట దగ్గరికి రమ్మంటే నిద్ర లేచేవాడివి కాదు, అక్కడ పాముల ఇళ్ళకి పోతున్నావా?" అంది. నిజమే మరి.

భయం తగ్గాక కుతూహలం మొదలైంది. ఎక్కడో పశ్చిమ ఆఫ్రికాలో పుట్టలో పడుకోవాల్సిన పాము, స్వెట్టర్లు దాచుకునే డబ్బాలోకి ఎలా వచ్చింది? ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? వెతుకుతూ పోతే ఇందులో పెద్ద కథే ఉందని తేలింది. అందులో కొంత వ్యాపారం, కొంత జన్యుశాస్త్రం, కొంత ఇంజనీరింగు. పాములంటే పడనివాళ్ళు భయపడకుండా చదవొచ్చు, ఫోటోలేమీ పెట్టట్లేదు.

ముందు పాము గురించి. దీన్ని అమెరికాలో బాల్ పైథాన్ అంటారు, ఇంగ్లండులో రాయల్ పైథాన్ అంటారు. శాస్త్రీయ నామం పైథాన్ రేజియస్. ఘనా, టోగో, బెనిన్, నైజీరియా ప్రాంతాల్లో ఉంటుంది. కొండచిలువ అంటే మేకల్ని మింగే ఇరవై అడుగుల జంతువును ఊహించుకోకండి. ఇది ఆ కుటుంబంలో పొట్టిది. ఆడది నాలుగైదు అడుగులు, మగది ఇంకా చిన్నది. విషం లేదు. కరవడం కూడా అరుదు. భయపడితే తలను లోపల దాచుకుని గట్టి బంతిలా చుట్టుకుపోతుంది, ఆ పేరు అందుకే. అంటే దాని ఆయుధం దాక్కోవడం. ఈ ఒక్క లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బెనిన్‌లో ఊయిదా అనే ఊళ్ళో ఈ పాములకు గుడి ఉంది. వోడూన్ మతంలో వీటిని పవిత్రంగా చూస్తారు. గుళ్ళో పాములు స్వేచ్ఛగా తిరుగుతాయి, ఊళ్ళోకి వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. మనకు పుట్టలో పాలు పోయడం ఎలాగో వాళ్ళకి అలాగ అనుకోవచ్చు. విచిత్రం ఏంటంటే అదే బెనిన్, పక్కనే ఉన్న టోగో, ఘనాలతో కలిసి, ప్రపంచానికి ఈ పాముల్ని ఎగుమతి చేసే ముఖ్య కేంద్రం కూడా. అడవి జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి లెక్కల్లోకి ఎక్కినవే పశ్చిమ ఆఫ్రికా నుంచి 30 లక్షలకు పైగా బాల్ పైథాన్లు బయటికి వెళ్ళాయి. అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. గుడ్లతో ఉన్న ఆడపాముల్ని పొలాల్లో, కలుగుల్లో, పుట్టల్లో తవ్వి పట్టుకుంటారు. ఫారాల్లో గుడ్లు పెట్టించి, పొదిగించి, పిల్లల్ని ఎగుమతి చేస్తారు. దీన్ని ర్యాంచింగ్ అంటారు. కాగితం మీద ఇది నేరుగా అడవిలోంచి పట్టి అమ్మడం కన్నా నయమైన పద్ధతి. తల్లుల్ని, పిల్లల్లో కొన్నింటిని తిరిగి వదిలేయాలన్నది అందులో ఒక భాగం. అది ఎంతవరకూ సరిగ్గా జరుగుతోంది, వదిలినవి బతుకుతున్నాయా అన్న దాని మీద పరిశోధకుల్లో చాలా అనుమానాలున్నాయి.

సరే, అలా వచ్చిన పాములు అమెరికా పెట్ షాపుల్లో చవగ్గా దొరికేవి. కానీ వీటికో చెడ్డపేరు ఉండేది: తిండి తినవు. అడవి నుంచి వచ్చింది, ఒంటినిండా గోమార్లు, కడుపులో పరాన్నజీవులు, చుట్టూ నాలుగు వైపులా గాజు గోడలు, పైన బల్బు. దాక్కోవడమే ఆయుధమైన జంతువుని షోకేసులో పెడితే అది ఏం తింటుంది? నెలల తరబడి నిరాహార దీక్ష చేసేది. కొన్ని అలాగే చచ్చిపోయేవి. ఇంకో చిత్రం కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ కూడా ఒక్కోసారి నెలల తరబడి తినకుండా ఉండగలదు. కాబట్టి తినకపోవడం జబ్బా అలవాటా అన్నది కొత్తవాడికి తెలిసేది కాదు.

ఇక్కడే డబ్బా ప్రవేశించింది.

అసలు ప్లాస్టిక్ డబ్బాల్లో పాముల్ని పెట్టే అలవాటు బాల్ పైథాన్లతో మొదలు కాలేదు. అంతకుముందు అమెరికాలో పాముల్ని పెంచేవాళ్ళకి ముద్దుబిడ్డ కార్న్ స్నేక్ అనే ఎర్రటి సన్నపాటి పాము. జార్జియా రాష్ట్రంలో బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవ్యాధుల డాక్టరు ఉండేవాడు. ఆయనా, భార్య ఎలిజబెత్తూ కలిసి 1960ల మొదట్లో తెల్ల కార్న్ స్నేకుల్ని పుట్టించి, పాముల్లో ఆ తెలుపు మెండెల్ చెప్పిన లెక్క ప్రకారమే తరాలకు సంక్రమిస్తుందని నిరూపించారు. మెండెల్‌కి బఠానీలు, వీళ్ళకి పాములు. ఇలాంటి పని చేయాలంటే చాలా పాములు కావాలి, చాలా పాములంటే చాలా గూళ్ళు కావాలి. మార్కెట్లో బూట్లు పెట్టుకునే పారదర్శకమైన డబ్బాలు, స్వెట్టర్లు పెట్టుకునే కొంచెం పెద్ద డబ్బాలు దొరికేవి. ఒహాయోలో పుట్టిన రబ్బర్‌మెయిడ్, మసాచుసెట్స్‌కి చెందిన స్టెరిలైట్ లాంటి కంపెనీలు గృహిణుల కోసం చేసినవవి. పాముల వాళ్ళు వాటికి చిల్లులు పెట్టి అరలలో పేర్చుకున్నారు. ఆ కంపెనీల డిజైనర్లు కలలో కూడా ఊహించని యూజ్ కేసు ఇది :)

బాల్ పైథాన్‌ని అలాంటి డబ్బాలో పెట్టినప్పుడు చాలా వాటికి దీక్ష ముగిసింది. ఇరుకు, చీకటి, నాలుగు వైపులా ఒంటికి తగిలే గోడలు. కలుగులో ఉన్నట్టే ఉంది. తినడం మొదలెట్టింది. పెంపకందార్లు దీన్ని కళ్ళారా చూశారు కాబట్టి వాళ్ళ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ర్యాక్ అనేది ఎవరో దుర్మార్గుడు డబ్బాశతో కనిపెట్టాడన్నట్టు రాసేవాళ్ళున్నారు. అది నిజం కాదు. మొదట అది ఒక నిజమైన సమస్యకు పరిష్కారం.

ఆ పరిష్కారం పరిశ్రమగా మారింది మాత్రం 1992 తర్వాత. ఆ ఏడాది ఓక్లహోమాకు చెందిన బాబ్ క్లార్క్, ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక తెల్ల మగపాము ద్వారా, ఇంట్లో తెల్ల బాల్ పైథాన్ పిల్లల్ని పుట్టించగలిగాడు. ఇలా వారసత్వంగా వచ్చే రంగుల తేడాల్ని మార్ఫ్ అంటారు. అప్పటిదాకా షాపులో చవక సరుకుగా పడున్న పాము ఒక్కసారిగా లాటరీ టికెట్ అయిపోయింది. ఆఫ్రికా నుంచి వచ్చే వేల పాముల్లో ఏ వింత రంగుదైనా ఉందేమోనని వెతకడం మొదలైంది. 1997లో నలుపు గోధుమ మచ్చల మధ్య పాల తెలుపు అతుకులున్న పైబాల్డ్ వారసత్వమని తేలింది, 1999లో సాలెగూడు లాంటి గీతలున్న స్పైడర్ వచ్చింది. తర్వాత తర్వాత వాటిని ఒకదానితో ఒకటి కలిపి పుట్టించిన రకాలు వేలల్లోకి వెళ్ళాయి. 2006లో డేవ్, ట్రేసీ బార్కర్ దంపతులు బాల్ పైథాన్ల చరిత్ర, పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకం వేశారు, ఈ లోకంలో అది పెద్దబాలశిక్ష లాంటిది.

ఇక్కడ కాస్త లెక్కలోకి వెళ్తాను, ఇంజనీర్ని కదా, తప్పదు. ర్యాక్ ఎందుకు తప్పనిసరి అయిందో ఈ లెక్క లేకుండా అర్థం కాదు.

తెలుపు లాంటి జన్యువు రెండు కాపీలుంటేనే పైకి కనిపిస్తుంది. ఒక్క కాపీ ఉన్న పాము మామూలుగానే కనిపిస్తుంది. అలా ఒక్కో కాపీ దాచుకున్న రెండు పాముల్ని జతచేస్తే పిల్లల్లో నాలుగింట ఒకటి తెల్లది పుట్టే అవకాశం. ఇంతవరకూ ఇంటర్లో చదివిందే. ఇప్పుడు రెండు వేర్వేరు జన్యువుల్ని ఒకే పాములో కలపాలనుకోండి, తెలుపూ పైబాల్డూ కలిసి. అవకాశం పదహారింట ఒకటి. బాల్ పైథాన్ ఒక కాన్పుకి పెట్టేది సుమారు ఆరు గుడ్లు. అంటే ఒక ఆడపాము ఒక ఏడాదిలో మనం కోరింది ఇవ్వకపోయే అవకాశం 68 శాతం. కనీసం ఒకటైనా పుడుతుందని 95 శాతం ధీమాగా ఉండాలంటే 47 గుడ్లు కావాలి, అంటే ఎనిమిది ఆడపాములు. మూడు జన్యువులైతే అరవై నాలుగింట ఒకటి. అదే ధీమాకి 191 గుడ్లు, అంటే ముప్పై రెండు ఆడపాములు. పైగా ఆడది గుడ్లు పెట్టే వయసుకి రావడానికే మూడేళ్ళ వరకూ పడుతుంది, అన్నీ ప్రతి ఏడూ పెట్టవు కూడా.

ముప్పై రెండు ఆడపాములు, ప్రతిదానికీ ఒక గాజుపెట్టె, ఒక బల్బు, ఒక మూత. ఇల్లు సరిపోదు, కరెంటు బిల్లు కట్టలేం, శుభ్రం చేయడానికే రోజంతా పడుతుంది. అదే ర్యాక్‌లో అయితే నాలుగు బీరువాలు, ఒక గది. ఒక్కో సొరుగు లాగి, కాగితం మార్చి, నీళ్ళు పోసి, మళ్ళీ తోసేయడానికి రెండు మూడు నిముషాలు. కాబట్టి ఈ ర్యాక్ అన్న వస్తువుని గీసింది పాము శరీరం కాదండీ, సంభావ్యత. పాము అందులో ఇమిడింది, అంతే. తర్వాత ఫ్రీడమ్ బ్రీడర్, విజన్, యానిమల్ ప్లాస్టిక్స్ లాంటి కంపెనీలు ఫ్యాక్టరీలో చేసిన ర్యాకులు అమ్మడం మొదలుపెట్టాయి. పాముల కోసమే అచ్చుపోసిన టబ్బులు వచ్చాయి. స్వెట్టర్ల డబ్బా ఒక ప్రమాణం అయిపోయింది.

దీన్ని ఇంట్లో ఎలా కడతారో మా వాడి దగ్గర చూసి నేర్చుకున్నాను. చూడ్డానికి చెక్క అల్మారాలా ఉంటుంది గానీ కొలతల్లో చాలా జాగ్రత్త ఉంది. టబ్బుకి మూత ఉండదు, పై అర అడుగుభాగమే దానికి మూత. టబ్బు అంచుకీ పై పలకకీ మధ్య సందు మరీ తక్కువైతే సొరుగు ఇరుక్కుంటుంది, కొంచెం ఎక్కువైతే పాము తల దూరుస్తుంది. తల దూరితే మిగతా పాము కూడా దూరుతుంది, పాముతో వచ్చిన చిక్కే అది. గాలి కోసం చిల్లులు డ్రిల్లుతో వేస్తే ప్లాస్టిక్ పగులుతుందని మా వాడు సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి పెట్టేవాడు, లోపలివైపు అంచులు గరుకు లేకుండా చూసుకుంటూ. ప్రతి అరకీ వెనక భాగంలో పలకలో ఒక గాడి తీసి, అందులో హీట్ టేప్ పరుస్తారు. ఇది గదుల్ని వెచ్చబెట్టడానికి వాడే పల్చటి ఫిల్ము జాతిదే, మధ్యలో నల్లటి గీతలు, రెండు వైపులా రాగి పట్టీలు. గాడి ఎందుకంటే టబ్బు లాగినప్పుడల్లా టేపుని రాసుకోకూడదు. టబ్బు వెనక భాగం 31, 32 డిగ్రీలు, ముందు భాగం 26 డిగ్రీలు ఉండాలి. పాముకి ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు కాబట్టి వేడి కావాలంటే వెనక్కి, వద్దంటే ముందుకి జరుగుతుంది. తేమ మాత్రం గాజుపెట్టె కన్నా టబ్బులోనే బాగా నిలుస్తుంది, కుబుసం ముక్కలు ముక్కలు కాకుండా మేజోడులా ఒకేసారి ఊడి వస్తుంది.

వీటన్నింటికీ కలిపి ఒకే థర్మోస్టాట్. దాని సెన్సర్ వైరుని ఒక అరలో టేపుకీ టబ్బుకీ మధ్య అతికిస్తారు. పన్నెండు గదుల హోటల్లో ఒకే గదిలో థర్మామీటర్ పెట్టి మిగతా వాటికి అదే వేడి ఇచ్చినట్టు. వేడి పైకి పోతుంది కాబట్టి పై సొరుగులు కింది వాటి కన్నా వెచ్చగా ఉండటం మామూలే. మా వాడి సమస్య అదే. నేను వెళ్ళి, పాతది తీసేసి, ఒక ఆర్డుయినో బోర్డుతో కొత్త కంట్రోలర్ చేసిపెట్టాను. టేపుకి వెళ్ళే కరెంటుని ఒక్కసారిగా వేసి ఆపేయకుండా అవసరమైనంతే కొలిచి ఇచ్చేలా ప్రోగ్రాం రాశాను. ఫోన్లో గ్రాఫు కూడా కనపడేలా చేశాను. 32 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. ఆ గ్రాఫుని ల్యాబ్‌లో నలుగురికీ చూపించుకున్నాను కూడా.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం వాడు ఫోన్ చేశాడు. ఒక ఆడపాము పొట్ట పొలుసులు గోధుమ రంగుకి తిరిగి, ఒకచోట తోలు ఊడొచ్చింది. కాలిన గాయం. నేను వెంటనే గ్రాఫు తెరిచాను. 32, గీత గీసినట్టు. ఏ అలారమూ లేదు. వెళ్ళి చూస్తే తెలిసింది. సెన్సర్‌ని అతికించిన టేపు ఊడి, సొరుగు లాగినప్పుడల్లా వైరు కొంచెం కొంచెం ముందుకి జరిగి, వేడి ఫిల్ము అంచు దాటి చల్లటి చోటికి వచ్చేసింది. ఆ చల్లటి చోటుని 32 దగ్గర ఉంచడానికి నా ప్రోగ్రాం వెనక ఫిల్ముని ఎడాపెడా కాలుస్తోంది. చెప్పిన పని చక్కగా చేసింది పాపం. నేను కొలవమన్నదే కొలిచింది. కింద కాలుతున్నా పాములు వెంటనే పక్కకి జరగవని పెంపకందార్లు తరచూ చెప్తారు, ఆ మాట నాకు అప్పటిదాకా తెలీదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, మందు రాశారు, నాలుగైదు కుబుసాల తర్వాత గాయం మానింది. నేను రెండో సెన్సర్, ఒక హద్దు దాటితే ప్రోగ్రాంతో సంబంధం లేకుండా కరెంటు కోసేసే విడి స్విచ్చి పెట్టాను. వారానికోసారి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ప్రతి టబ్బు అడుగునీ చేత్తో కొలవమని చెప్పాను. మొదటే చేయాల్సిన పనులివి. కానీ నన్ను ఇప్పటికీ వదలని విషయం వేరే ఉంది. మా వాడు ప్రతి పాముకీ ఒక కార్డు రాసేవాడు, ఏ రోజు తింది, ఏ రోజు కుబుసం విడిచింది, బరువెంత అని. ఆ కాలిన పాము కార్డు చూశాను. కాలుతున్న ఆ వారాల్లో కూడా అది ఎలుకని తింది. బరువు పెరిగింది. కార్డు ప్రకారం అది బ్రహ్మాండంగా ఉంది.

ఈ కార్డే ర్యాక్ చరిత్రలో అసలు తగువు. "బాగుంది" అని ఎలా తెలుస్తుంది? పెంపకందార్ల జవాబు దశాబ్దాలుగా ఒకటే: తింటోంది, కుబుసం విడుస్తోంది, గుడ్లు పెడుతోంది, ఇంకేం కావాలి? 1980లలో అది న్యాయమైన కొలమానమే, ఎందుకంటే అప్పట్లో పాములు తినకుండా చచ్చిపోయేవి. ప్రాణం నిలబెట్టడమే గెలుపు. కానీ ఆ సమస్య తీరిపోయాక కూడా కొలమానం మారలేదు. నిజానికి అది గుడ్లు అమ్ముకునేవాడి కొలమానం, అతనికి కావాల్సినవి అవే కాబట్టి. చిక్కెక్కడంటే అదే సొరుగు, అదే కార్డు, ఒకే ఒక్క పాముని ముద్దుగా పెంచుకుందామనుకున్న వాడి చేతికి కూడా వచ్చాయి. అతనికి 191 గుడ్ల అవసరం లేదు. అయినా "పెద్ద పెద్ద వాళ్ళే ఇలా పెంచుతారు" అన్న మాట చాలు. నలుగురు యూజర్లున్న సైటుకి నలభై సర్వర్ల ఆర్కిటెక్చరు కాపీ కొట్టే వాళ్ళని మన ఫీల్డులో రోజూ చూస్తుంటాం, ఇదీ అంతే.

రెండో వాదన, అడవిలో కూడా అది కలుగులోనే ఉంటుంది కదా అన్నది. సగం నిజం. పగలు కలుగులో, పుట్టలో ఉంటుంది. రాత్రి బయటికొస్తుంది. ఆగ్నేయ నైజీరియా అడవుల్లో లూయిజెల్లీ, ఏంజెలిచీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 1998లో అచ్చయింది. అక్కడ ఆడపాములు ఎక్కువగా ఎలుకల్లాంటి జంతువుల్ని తింటే, మగవి పక్షుల్ని ఎక్కువ తింటున్నాయని తేలింది. అంటే మగపాములు చెట్లెక్కుతున్నాయి. అర అడుగు ఎత్తు సొరుగులో ఎక్కడానికి ఏముంది? ఎక్కడం దాకా ఎందుకు, పెద్ద టబ్బు పొడవు మూడడుగులకి కాస్త తక్కువ, వెడల్పు అడుగున్నర. మూల నుంచి మూలకి కొలిచినా మూడడుగుల పైన ఒక అంగుళమో రెండంగుళాలో. నాలుగున్నర అడుగుల ఆడపాము అందులో బతుకంతా ఒక్కసారి కూడా తిన్నగా చాపుకోలేదు.

ఐరోపాలో ఈ సంగతి ముందే పట్టించుకున్నారు. జర్మనీ 1997లోనే సరీసృపాలకు కనీస వసతి ఎంతుండాలో ఒక నిపుణుల నివేదిక వేసింది, పాము పొడవుని బట్టి గూడు కొలతలు లెక్కగట్టే పద్ధతి అందులో ఉంది. 2019లో వార్విక్, మరికొందరు బందీ పాములకు కనీసం ఒళ్ళు పూర్తిగా చాపుకునే చోటుండాలని పాత ఆధారాలన్నీ పోగేసి వాదించారు. 2021లో మ్యూనిక్ పరిశోధకులు హోలాండ్, బావర్, వోర్ అవే బాల్ పైథాన్లని ర్యాకుల్లోనూ, కొమ్మలూ గుహలూ ఉన్న పెద్ద టెర్రేరియంలలోనూ ఉంచి వీడియోలు తీసి పోల్చారు. టెర్రేరియంలో అవి ఎక్కాయి, ఒళ్ళు చాపాయి, వెచ్చటి చోట ఎండ కాగాయి, తిరిగాయి. ర్యాక్‌లో అవేవీ చేయడానికి వీల్లేదు కాబట్టి చేయలేదు. ర్యాక్ ఈ పాముకి తగిన గూడు కాదని వాళ్ళు తేల్చారు. పెంపకందార్లలో చాలామంది ఒప్పుకోలేదనుకోండి. కానీ ఒక్కటి గమనించండి, సొరుగులో పాము కదలకుండా ఉండటాన్ని చూసి "దీనికి కదలడం ఇష్టం లేదు" అనుకుంటూ వచ్చాం. కొలిచే పరికరమే పాముని కదలనివ్వలేదు.

కంటికి కనిపించే వాటినే నమ్మడానికి ఇంకో ఉదాహరణ, 1999లో వచ్చిన స్పైడర్. ఆ పాములన్నింటిలోనూ కొద్దో గొప్పో తల వణుకు ఉంటుంది. కొన్ని తలకిందులుగా మెలి తిరిగిపోతాయి, ఎలుకని గురి చూసి పట్టలేవు. "తింటోంది, గుడ్లు పెడుతోంది" అంటూ ఏళ్ళ తరబడి అమ్ముతూనే వచ్చారు. 2022లో జర్మనీ వాళ్ళే స్కాన్లు తీసి, ఆ పాముల లోపలి చెవిలో తూకం చూసుకునే భాగాలే వికృతంగా తయారవుతున్నాయని చూపించారు. అందమైన గీతలూ, వణుకూ ఒకే జన్యువు ఇస్తోంది. విడదీయడం కుదరదు.

ఇంకోవైపు ఆయుష్షు సంగతి చూడండి. ఫిలడెల్ఫియా జూలో ఒక బాల్ పైథాన్ 47 ఏళ్ళ పైన బతికింది. సెయింట్ లూయిస్ జూలో ఉన్న ఒక ఆడపాముని 1961లో ఎవరో ఇచ్చారు, 2020 జులైలో, అరవై ఏళ్ళు దాటాక, పదిహేనేళ్ళకు పైగా మగపాము మొహం చూడకుండా గుడ్లు పెట్టి అందరినీ హడలగొట్టింది. ఇంటర్మీడియట్ కుర్రాడు సరదాకి కొనుక్కునే జంతువు అతని రిటైర్మెంటు దాకా సొరుగులో ఉండొచ్చన్నమాట.

మన దగ్గరో? మన ఊరి కొండచిలువని పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఆ సంగతి చాలామందికి తెలుసు. విదేశీ పాముల విషయం చాలాకాలం గోడమీద పిల్లిలా ఉండేది. 2020లో కేంద్రం స్వచ్ఛందంగా వివరాలివ్వమని గడువిచ్చింది. 2022లో చట్టాన్ని సవరించి సైట్స్ జాబితా జంతువుల్ని కూడా అందులోకి తెచ్చారు, 2024లో నమోదు నియమాలొచ్చాయి. ఈలోగా విమానాశ్రయాల్లో సూట్‌కేసులు తెరిస్తే పాములు బయటపడుతూనే ఉన్నాయి. 2023లో తిరుచ్చిలో కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒకే ప్రయాణికుడి సామానులో 47 కొండచిలువలు దొరికాయి, చిల్లులు పెట్టిన డబ్బాల్లో. ఆ వార్త చదివినప్పుడు నాకు ఒహాయో బేస్‌మెంటే గుర్తొచ్చింది.

మా వాడితో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. ఆ కాలిన పాము తర్వాత వాడు పిల్లల్ని పుట్టించడం మానేశాడు. కొన్నింటిని ఇచ్చేసి, ఉంచుకున్న వాటికి నాలుగడుగుల గూళ్ళు కట్టాడు, అడ్డంగా కొమ్మలు పెట్టి. నేను మళ్ళీ సెన్సర్ల లెక్క చూసిపెట్టాను, ఈసారి గూటికి మూడు చొప్పున. ఒక రాత్రి మగపాము కొమ్మ మీద పొడుగ్గా పడుకుని ఉన్న వీడియో పంపాడు. ఆరేళ్ళుగా దాన్ని రోజూ చూస్తున్నా అదంత పొడవని అప్పుడే తెలిసిందట. కానీ అన్నీ అలా సర్దుకోలేదు. ఒక ముసలి ఆడపాము, ఆఫ్రికా నుంచి నేరుగా వచ్చింది, కొత్త గూట్లో ఏడు నెలలు ఏమీ ముట్టలేదు. విసుగెత్తి మళ్ళీ పాత సొరుగులో పెడితే నాలుగో రోజు తింది. అది ఇప్పటికీ సొరుగులోనే ఉంది. మిగతా పదకొండు సొరుగులూ కడిగి ఎండబెట్టాక వాళ్ళమ్మ తీసేసుకుందట, స్వెట్టర్లు పెట్టుకోవడానికి.